రిజిస్టర్‌లో సున్నా

ఆరేళ్ళు నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. ఊరి పేరు, ఆసుపత్రి పేరు చెప్పను. చెప్పినా ఉపయోగం లేదు, ఇప్పుడు రాయబోయేది ఏ ఊళ్ళోనైనా జరిగేదే. క్వాలిటీ డిపార్ట్‌మెంట్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. రెండు కుర్చీలు, ఒక ప్రింటరు, గోడ నిండా ఫైళ్ళు. ఆసుపత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ వాళ్ళు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారంటే రాత్రి పదకొండింటి దాకా కూర్చుని ఆ ఫైళ్ళు నింపడం, వాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ వచ్చేదాకా వాటి మీద దుమ్ము పడనివ్వడం. మా చుట్టాలు మాత్రం "హాస్పిటల్లో మేనేజరంట" అని చెప్పుకునేవాళ్ళు, నేనూ కాదనలేదు.

ఆ ఫైళ్ళలో ఇన్సిడెంట్ రిజిస్టర్ అని ఒకటుంటుంది. ఆసుపత్రిలో పొరపాటు జరిగినా, జరగబోయి ఆఖరి నిమిషంలో ఆగినా అందులో రాయాలి. ఒక రాత్రి డ్యూటీలో ఒక నర్సు, చేరి ఏడాది కూడా కాలేదు, యాంటీబయాటిక్ పొడి కలపడానికి డిస్టిల్డ్ వాటర్ అనుకుని పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ విరిచింది. రెండూ పది ఎంఎల్ ప్లాస్టిక్‌వే, రెండూ ఒకే ట్రేలో, పక్కపక్కనే. పొటాషియం క్లోరైడ్‌ని సెలైన్‌లో పలచన చేసి మెల్లగా ఎక్కించాలి గానీ నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. సిరంజిలోకి లాగేటప్పుడు ఎందుకో లేబుల్ మీద కన్ను పడిందట, పారబోసింది. ఎవరూ చూడలేదు. తను చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. తెల్లారి తనే వచ్చి రిజిస్టర్‌లో రాసింది.

దానికి ఆ అమ్మాయికి దక్కింది ఒక మెమో, రెండు రోజుల జీతం కోత, ఉదయం మీటింగులో అందరి ముందూ నిలబెట్టి అడిగిన "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్?" అనే ప్రశ్న. ఆంప్యూళ్ళు అదే ట్రేలోనే ఉన్నాయి.

తర్వాతి నెల రిజిస్టర్‌లో సున్నా. ఆ తర్వాతి నెల కూడా సున్నా. ఏడాది చివర ఆసుపత్రి వార్షికోత్సవంలో "మందుల పొరపాట్లు: సున్నా" అని తెర మీద పడితే చప్పట్లు కొట్టారు. ఆ స్లైడ్ తయారు చేసింది నేనే. సగటున రోజుకి నూట యాభైమంది పేషెంట్లుండే చోట, మూడు షిఫ్టుల్లో వేలకొద్దీ మందులిచ్చే చోట సున్నా పొరపాట్లంటే దాని అర్థం ఏమిటో నాకు బాగా తెలుసు. అక్కడ ఎవరూ నోరు విప్పడం లేదని. అయినా చేశాను.

నిజానికి చేయాల్సింది చాలా చిన్న పని. ఆ మందుని వార్డు ట్రేలోంచి తీసేసి, ఫార్మసీలో తాళం వేసి, అవసరమైనప్పుడు అడిగి తెచ్చుకోమనడం. ప్రపంచంలో రోగుల భద్రత గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ మొదట చెప్పేవాటిలో ఇదొకటి. పైసా ఖర్చు లేదు. కానీ మెమో ఇవ్వడం ఇంకా తేలిక, పైగా ఏదో చేశామన్న తృప్తి కూడాను.

మన దేశంలో వైద్యం బాగాలేదంటే వెంటనే డబ్బు, డాక్టర్లు, బెడ్లు అంటాం. అవి నిజంగానే చాలవు, కాదనను. కానీ 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక వేసిన కమిషన్ ఒక లెక్క తీసింది. పేద, మధ్యాదాయ దేశాల్లో వైద్యంతో ఆపగలిగి ఉండీ ఆపలేకపోయిన చావులు ఏడాదికి 86 లక్షలు. అందులో 36 లక్షలమంది అసలు ఆసుపత్రి గడప తొక్కనివాళ్ళు. మిగతా 50 లక్షలమంది తొక్కినవాళ్ళే. వైద్యం అందినా అది సరైనది కాక పోయినవాళ్ళు. నేను ఈ సంఖ్య చూసి చాలాసేపు అలా కూర్చున్నాను. మా పిన్ని ముప్పై ఏళ్ళు ఏఎన్ఎంగా చేసింది, ఖమ్మం జిల్లాలో. ఆమె సర్వీసంతా జనాన్ని బతిమాలి, బామాలి, అవసరమైతే తిట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళడమే. తీసుకెళ్ళాక లోపల ఏమవుతుందనేది ఆమె చేతిలో లేదు.

పిన్నిని తలుచుకుంటే నాకు ఇబ్రహీంపట్నం గుర్తొస్తుంది. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో కు.ని. (కుటుంబ నియంత్రణ) క్యాంపు పెట్టారు. 34 మంది ఆడవాళ్ళకి డీపీఎల్ పద్ధతిలో, అంటే పొట్టకి రెండు చిన్న గాట్లు పెట్టి లాప్రోస్కోపుతో, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. అదే రోజు ఇంటికి పంపించేసే ఆపరేషన్ అది. కొద్ది రోజుల్లో నలుగురు చనిపోయారు. మిగతా 30 మందినీ హైదరాబాదు తరలించి నిమ్స్‌లో, ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో పెట్టి చూశారు. ఇన్ఫెక్షన్ అని తేలింది. చనిపోయినవాళ్ళందరూ చిన్న పిల్లల తల్లులు. జబ్బుతో వచ్చినవాళ్ళు కారు, శుభ్రంగా నడుచుకుంటూ వచ్చినవాళ్ళు.

తర్వాత జరిగినవన్నీ మనకి అలవాటైనవే. అయిదు లక్షల ఎక్స్‌గ్రేషియా, డబుల్ బెడ్‌రూం ఇల్లు, పిల్లల చదువు, అధికారుల మీద సస్పెన్షన్లు, బదిలీలు, ప్రతిపక్షాల ధర్నా. విచారణకి వేసిన కమిటీకి పెద్ద ఎవరంటే ప్రజారోగ్యశాఖ డైరెక్టరే. టీవీల్లో వారం రోజులు "బాధ్యులెవరు?" అని స్క్రోలింగ్.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం, ఎందుకంటే టీవీలో ఎవరూ వేయలేదు. లాప్రోస్కోపు ఒకరి పొట్టలోంచి తీశాక ఇంకొకరి పొట్టలో పెట్టేముందు కడగాలి, విడదీసి శుభ్రం చేయాలి, గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో, ఆపరేషన్ థియేటర్ వాళ్ళ భాషలో సైడెక్స్‌లో, 20 నిమిషాలు నానబెట్టాలి, తీసి స్టెరైల్ నీళ్ళతో మళ్ళీ కడగాలి. ఆ 20 నిమిషాల్ని ఎవరూ తగ్గించలేరు, మందు పనిచేయడానికి పట్టే సమయం అది. ఆపరేషన్‌కి అయిదారు నిమిషాలు కలుపుకుంటే ఒక్కో లాప్రోస్కోపు తిరిగి చేతికి రావడానికి అరగంట. మూడు ఉంటే గంటకి ఆరు ఆపరేషన్లు. అందుకే కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల్లో ఒక టీమ్‌కి, అదీ మూడు లాప్రోస్కోపులు ఉంటేనే, రోజుకి 30 దాటకూడదని రాశారు. ఆ 30 ఎవరో ఆఫీసులో కూర్చుని గాల్లోంచి తీసిన అంకె కాదు, సైడెక్స్ డబ్బా ముందు గడియారం పట్టుకుని నిలబడితే వచ్చే అంకె. ఇక క్యాంపు రోజు మధ్యాహ్నం మూడున్నరకి బయట వరండాలో ఇంకా పన్నెండుమంది పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కూర్చుని ఉంటే, వాళ్ళ అత్తలు చంటిపిల్లల్ని ఎత్తుకుని అటూఇటూ తిరుగుతుంటే, సర్జన్ ఆరింటికల్లా ఇంకో ఊరు వెళ్ళాల్సి ఉంటే, సైడెక్స్ దగ్గర నిలబడ్డ థియేటర్ అసిస్టెంట్ ఇరవై నిమిషాలని పది చేయడా? ఇబ్రహీంపట్నంలో ఇలాగే జరిగిందని నేననను. ఏ క్యాంపులోనైనా తప్పు దూరడానికి ఉన్న తలుపు ఇది అంటున్నాను.

ఇది అంతకుముందు కూడా జరిగింది, ఇంకా ఘోరంగా. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక్క సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి ఇవే ఆపరేషన్లు చేశాడు, 13 మంది చనిపోయారు. పైన వేసిన లెక్కలో పెట్టి చూడండి 83ని. డాక్టర్ని అరెస్టు చేశారు. తర్వాత ఆ రోజు ఇచ్చిన మాత్రల్లో ఎలుకల మందు కలిసిందన్నారు, మాత్రల కంపెనీ వాళ్ళనీ అరెస్టు చేశారు. నాకు అన్నిటికన్నా ముల్లులా గుచ్చుకునే విషయం వేరే ఉంది. అదే ఏడాది జనవరిలో, రిపబ్లిక్ డే నాడు, అదే డాక్టర్ని అదే ప్రభుత్వం సన్మానించింది, 50,000 ఆపరేషన్లు చేసినందుకు. ఏ వేగానికి శాలువా కప్పారో ఆ వేగానికే బేడీలు వేశారు. మధ్యలో పది నెలలు.

అంతకు దాదాపు మూడేళ్ళ ముందు, 2012 జనవరిలో, బిహార్ అరారియా జిల్లాలో ఒక బడిలో రెండు గంటల్లో 53 మందికి చేశారు. ఆ కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2016 సెప్టెంబరు 14న తీర్పొచ్చింది, మూడేళ్ళలో ఈ క్యాంపులే లేకుండా చేయాలని. ఇబ్రహీంపట్నం ఎప్పుడు జరిగిందో పైకెళ్ళి ఇంకోసారి చూసుకోండి.

పిన్నిని అడిగాను, ఇంతమందిని ఒకే రోజు ఎందుకు తీసుకెళ్తారని. "నీకేం తెలుసు అమ్మాయ్, మార్చి నెల వస్తే మాకు జ్వరమొచ్చేది" అంది. టార్గెట్. నిజానికి కుటుంబ నియంత్రణలో టార్గెట్లు ఉండవని 1996లోనే ప్రభుత్వం ప్రకటించింది. ఆ మాట తీసేసి ఈఎల్ఏ, అంటే సాధిస్తారని ఆశించే సంఖ్య, అని ఇంకో పేరు పెట్టారు, పిన్ని భాషలో "పేరు మారింది, తిట్లు మారలా." మీటింగులో తక్కువ కేసులున్న ఏఎన్ఎంని నిలబెట్టేవాళ్ళట. క్యాంపు ఎప్పుడో ఒకసారి, సర్జన్ ఎక్కడినుంచో రావాలి, ఆ రోజు తప్పితే మళ్ళీ ఎప్పుడో తెలియదు. అందుకని ఎంతమంది దొరికితే అంతమందిని ఆటోల్లో ఎక్కించి తీసుకెళ్ళేది. ఆ ఆటోల్లో ఒక్క మగవాడైనా ఉండేవాడా అంటే నవ్వింది. మగవాళ్ళ ఆపరేషన్‌కి పొట్ట కొయ్యక్కర్లేదు, ఎంతో తేలిక, ప్రమాదమూ చాలా తక్కువ. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూస్తే పెళ్ళైన ఆడవాళ్ళలో ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62. సరే, అది రాయడానికి ఇంకో వ్యాసం కావాలి.

ఇప్పుడు చెప్పండి, ఇబ్రహీంపట్నంలో "బాధ్యులెవరు?" అనే ప్రశ్నకి ఏ పేరు రాస్తారు? థియేటర్ అసిస్టెంటా, సర్జనా, సూపరింటెండెంటా, కేసులు తెచ్చిన మా పిన్ని లాంటి ఏఎన్ఎమ్మా, జిల్లా మీటింగులో ఆమెని నిలబెట్టిన అధికారా? ఎవరి పేరు రాసినా ఆ మనిషిని బదిలీ చేస్తారు, ఇంకో మనిషి వచ్చి అదే సైడెక్స్ డబ్బా ముందు, అదే వరండా ముందు నిలబడతాడు. "ఎవరు?" అని అడిగినంతకాలం ఒక పేరు దొరుకుతుంది, ఫైలు మూసేస్తాం. "ఎలా?" అని అడిగితే ఫైలు ఒక పట్టాన మూయబుద్ధి కాదు, అందుకే అడగరేమో.

దీనికి విదేశాలు చూడక్కర్లేదు, మన రైల్వేని చూడండి. పెద్ద ప్రమాదం జరిగితే విచారించేది రైల్వే సేఫ్టీ కమిషనర్. ఆయన రైల్వేశాఖ కింద పనిచేయడు, పౌర విమానయాన శాఖ కింద ఉంటాడు. వినడానికి వింతగా ఉంటుంది గానీ కారణం ఉంది. రైళ్ళు నడిపేవాళ్ళే తమ తప్పుల మీద తీర్పు చెప్పుకోకూడదని 1941లో ఆ వ్యవస్థని రైల్వే బోర్డు చేతిలోంచి తప్పించారు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో! 2023 జూన్‌లో బాలాసోర్ ప్రమాదమప్పుడు సీబీఐ వచ్చింది, అరెస్టులు జరిగాయి, అది వేరే. కానీ ఆ కమిషనర్ విచారణ మాత్రం లెవెల్ క్రాసింగ్ దగ్గరి పెట్టెలో వైర్లకి తగిలించిన లేబుళ్ళు తప్పుగా ఉన్నాయన్న దాకా వెళ్ళింది. లేబుళ్ళు! నాకు మా ట్రేలో ఆంప్యూళ్ళు గుర్తొచ్చాయి. ఆసుపత్రిలో మనుషులు చనిపోతే లేబుల్ దాకా వెళ్ళే, ఆరోగ్యశాఖ కింద లేని మనిషి ఒక్కడైనా ఉన్నాడా మనకి?

తన పద్ధతి మీద తనే విచారణ చేసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి మన హైదరాబాదులోనే ఒక పాత కథ ఉంది. మత్తుమందుగా క్లోరోఫాం ఇస్తే కొందరు టేబుల్ మీదే ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888లో, మళ్ళీ 1889లో ఆరో నిజాం డబ్బుతో హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. నడిపించింది ఎడ్వర్డ్ లారీ. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి డాక్టరు, క్లోరోఫాంకి వీరాభిమాని. వందల జంతువుల మీద ప్రయోగాలు చేశారు, లండన్ నుంచి నిపుణుణ్ణి పిలిపించారు, ఆ రోజుల్లో రోగి భద్రత మీద అంత పెద్ద పరిశోధన ఎక్కడా లేదనే చెప్పాలి. చివరికి తేల్చిందేమిటంటే ఊపిరి కనిపెట్టుకుని ఉంటే చాలు, క్లోరోఫాం గుండెని ఏమీ చేయదని. అంటే లారీగారు ముందునుంచీ నమ్మేదే. 1911కి వచ్చేసరికి గుడ్‌మన్ లెవీ అనే ఆయన క్లోరోఫాంతో గుండె ఉన్నట్టుండి ఆగిపోగలదని రుజువు చేశాడు. మూసీకి 1908లో వచ్చిన వరదలో ఆ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి అప్పటికే కొట్టుకుపోయింది.

ఇంకో దారి ఉందా అంటే ఉంది, పక్కనే, కేరళలో. 2004 నుంచి అక్కడి గైనకాలజిస్టుల సంఘం, ప్రభుత్వ ఆమోదంతోనే, కాన్పుల్లో చనిపోయిన తల్లుల కేస్ షీట్లు తెప్పించుకుంటుంది. వాటిలో తల్లి పేరు, డాక్టరు పేరు, ఆసుపత్రి పేరు తీసేస్తారు. ఆ తర్వాతే నిపుణులు కూర్చుని చదువుతారు. ఎవరిని పట్టుకోవాలా అని చదవరు, ఎక్కడ ఆలస్యమైంది, ఏది తోచలేదు, రక్తం ఎప్పుడు అడిగారు, ఎప్పుడొచ్చింది అని చదువుతారు. కాన్పయ్యాక ఆగని రక్తస్రావం, బీపీ, ఇవే ఎక్కువమందిని తీసుకెళ్తున్నాయని ఆ కాగితాలే చెప్పాయి. దాన్నిబట్టి డాక్టర్లకి, నర్సులకి ట్రైనింగులు పెట్టారు. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకి చనిపోయే తల్లులు కేరళలో 19, తెలంగాణలో 43, ఆంధ్రలో 45. ఈ తేడా అంతా ఆ కేస్ షీట్ల వల్లే అంటే నేను అబద్ధం చెప్పినట్టు, అక్కడ ఆడపిల్లల చదువు, రోడ్లు, ఆసుపత్రులు అన్నీ వేరు. కానీ పేరు తీసేస్తే డాక్టర్లు నిజం చెప్తారన్న సంగతి మాత్రం అక్కడ రుజువైంది.

చెక్‌లిస్టులు పెడితే చాలు కదా అని కొందరంటారు, మా ఎండీగారితో సహా. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆసుపత్రుల్లో కాన్పుల చెక్‌లిస్టు మీద పెద్ద ప్రయోగం చేశారు, ఫలితాలు 2017లో వచ్చాయి. సగం ఆసుపత్రులకి చెక్‌లిస్టుతో పాటు పక్కనుండి నేర్పే కోచ్‌లని కూడా ఇచ్చారు. రెండు నెలలకి అక్కడ చేయాల్సిన పనుల్లో 73 శాతం చేస్తున్నారు, మామూలు ఆసుపత్రుల్లో 42 శాతం. బాగుంది కదా? కోచ్‌లు వెళ్ళిపోయాక, మొదలుపెట్టిన ఏడాదికి, 73 కాస్తా 62 అయింది. ఇక తల్లీబిడ్డల చావుల్లో మాత్రం రెండు రకాల ఆసుపత్రులకీ తేడా లేదు. చదివినప్పుడు నాకు నిజంగా దిగులేసింది. తర్వాత ఆలోచిస్తే చెక్‌లిస్టు ఒక కాగితం, అంతే. రక్తస్రావం మొదలైతే రక్తం లేని చోట, సిజేరియన్ చేసేవాళ్ళు లేని చోట, పై ఆసుపత్రికి పంపితే దారిలో బండి దొరకని చోట కాగితం మీద టిక్కు ఏం చేస్తుంది? పైగా మన దగ్గర టిక్కులన్నీ షిఫ్టు చివర ఒకేసారి, ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతలో పడతాయి. ఆరేళ్ళు నేను చూసినవి అవే.

"అయితే తప్పు చేసినవాళ్ళని వదిలేయమంటావా?" అని మా బావ గట్టిగా అడిగాడు ఒకసారి. వాళ్ళ నాన్నకి ఒక నర్సింగ్ హోంలో జరిగిన అన్యాయం ఆయన మనసులో ఇంకా ఉంది, ఉండాలి కూడా. వదిలేయమనను. డ్యూటీకి రాకుండా సంతకం పెట్టినవాణ్ణి, తాగి థియేటర్‌లోకి వచ్చినవాణ్ణి, మనిషి పోయాక కేస్ షీటు దిద్దినవాణ్ణి వదలకూడదు. కేస్ షీటు దిద్దేవాడి మీదయితే నాకు ఏ జాలీ లేదు. కానీ పొరపాటున తప్పు ఆంప్యూల్ తీసుకుని, తనే గమనించి, తనే వచ్చి చెప్పిన మనిషినీ అదే గాటన కట్టేస్తే రేపు దిద్దేవాళ్ళే మిగులుతారు. బావకి నేను చెప్పింది ఇదీ: మామయ్య కేసులో నీకు కావాల్సింది అసలేం జరిగిందో ఎవరైనా ఎదురుగా కూర్చుని చెప్పడం. అది ఎవరూ చెప్పలేదు కాబట్టే నువ్వు కన్జ్యూమర్ కోర్టుకి వెళ్ళావు. వాళ్ళ లాయరు నోరు మెదపొద్దన్నాడు కాబట్టే వాళ్ళు చెప్పలేదు. ఆయన ఒప్పుకోలేదు. కాసేపాగి "అయినా చెప్పుండాల్సింది" అన్నాడు.

పిన్ని కూతురు, మా చెల్లెలు, ఈమధ్యే ఒక ప్రభుత్వాసుపత్రిలో కాన్పయింది. రక్తం ఎక్కించాల్సొచ్చింది. ఇద్దరు నర్సులు వచ్చారు. ఒకామె బ్యాగు మీది నంబరు పైకి చదివింది, రెండో ఆమె కాగితంతో సరిచూసింది. "పేరేంటమ్మా? భర్త పేరు?" అని అడిగారు. అయిదు నిమిషాల క్రితం కూడా అడిగారని పిన్ని విసుక్కుంది. "పక్క వార్డులో ఇదే పేరుతో ఇంకో అమ్మాయి ఉందమ్మా, అందుకే" అంది ఆ నర్సు, చాలా ఓపికగా. నాకు లేచి నిలబడి దణ్ణం పెట్టాలనిపించింది. పాత ఉద్యోగం బుద్ధి ఊరుకోదు కదా, అడిగేశాను: "ఎప్పుడైనా తారుమారయ్యిందనుకోండి సిస్టర్, లేదా అవబోయి ఆగిందనుకోండి, మీరు ఎక్కడైనా రాస్తారా?"

ఆమె చెయ్యి డ్రిప్ మీదే ఆగిపోయింది. నా మొహం కేసి చూసి, తర్వాత నా చేతిలోని ఫోన్ కేసి చూసింది.

"ఎందుకు మేడమ్," అంది, "మీరు ప్రెస్సా?"